కిటికీ వైపు మూల

"డాక్టర్ గారూ, మీరు ఏ మూలకి?" ఛైర్మన్ మైకులో అందరికీ వినపడేలా అడిగాడు.

యోగానంద్ నాలుగు మూలలూ కలయజూశాడు. చీటీ ఇస్తారని, తెర చాటున వోటేసి గుట్టుగా ఇంటికి పోవచ్చని అనుకుని వచ్చాడు. అమెరికా పౌరసత్వం వచ్చాక ఇదే అతని మొదటి వోటు. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే సభ ఇది. ఈ అయోవా రాష్ట్రంలో ఆ పద్ధతే వేరు. స్కూలు జిమ్‌లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో మూల. నచ్చిన మూలకు నడిచి వెళ్ళి నిలబడితే తలలు లెక్కపెడతారు. ఊరంతా చూస్తుంది.

బాస్కెట్‌బాల్ బుట్ట కింద సెనేటర్ బ్రాక్‌మన్ మూల కిటకిటలాడుతోంది. ట్రాక్టర్ల ఫ్యాక్టరీ మూతపడ్డాక ఈ ఊళ్ళో ఆయన మాటే మాట. బయటి దేశాలనుంచి వచ్చినవాళ్ళ తోబుట్టువులకు వీసాలు ఆపేస్తానని ఊరూరా చెబుతున్నాడు. అతనికంటే ముందే పౌరసత్వం వచ్చిన భార్య జానకీదేవి తన చెల్లెలు సుమతికి పెట్టిన పిటిషన్ ఐదేళ్ళుగా ఆ వరసలోనే ఉంది. ఆవిడ మొగుణ్ణి అడగను కూడా అడగకుండా, ఆ వీసాలు ఉంచాలనే అభ్యర్థికిచ్చిన కిటికీ వైపు మూలకు నడిచింది. యోగానంద్ వెనకాలే వెళ్ళాడు. అక్కడ ఉన్నది వాళ్ళిద్దరే.

"అరవై మందిలో తొమ్మిది మందైనా లేకపోతే ఆ మూల చెల్లదు. పది నిమిషాలు టైమిస్తున్నా. మారేవాళ్ళు మారచ్చు," అన్నాడు ఛైర్మన్.

బుట్ట కింద ఉన్నవాళ్ళంతా యోగానంద్ పేషెంట్లే. అందరూ ఇటే చూస్తున్నారు. ఎవరేమన్నా అవునవునంటూ ఆరేళ్ళు నెట్టుకొచ్చిన మనిషికి ఆ చూపులు చాలు. భయం వేసింది.

"జానకీ, అటు పోదాం పద. వీళ్ళు రావడం మానేస్తే రేపట్నించి క్లినిక్‌లో ఈగలు తోలుకోవాలి."

"సుమతి వీసా ఆపేస్తానంటున్నాడండీ అతను!"

"అది ఇక్కడ గెలవడానికి చెప్పే మాటే. మొన్న డాక్టర్ల డిన్నర్‌లో నా భుజమ్మీద చెయ్యేసి మరీ చెప్పాడు, పార్టీ నామినేషన్ రాగానే ఆ మాట డ్రాప్ చేస్తానని. తర్వాత దేశమంతా వోటెయ్యాలి కదా, అప్పుడు మనమూ కావాలి."

"మీరు నమ్మారా?"

"నమ్మక్కర్లేదు. నవంబర్‌లో అసలు ఎన్నికకి వోటు తెర చాటునే. అప్పుడు మనిష్టం. ఇవాళ మాత్రం వీళ్ళకి కనిపించేలా నిలబడదాం."

"అయితే మీకూ అతనికీ తేడా ఏముందండీ?"

యోగానంద్ తల వంచుకుని జిమ్‌కు అడ్డంగా నడిచాడు. దారి మధ్యలో ఎదురుగా ఎవరిదో చేతికర్ర చప్పుడు ఆగింది. సిగ్గుతో తలెత్తకుండా పక్కనుంచి వెళ్ళిపోయాడు. బుట్ట కింద కొందరు చప్పట్లు కొట్టారు.

జానకీదేవి ఒక్కతే అక్కడే నిలబడిపోయింది. పది నిమిషాలూ అయ్యాక ఛైర్మన్ ఆ ఒక్క తలా లెక్కపెట్టి, మూల రద్దన్నాడు. పార్టీ పై సభకు వెళ్ళే ఊరి ప్రతినిధులందర్నీ బ్రాక్‌మన్ పేరనే రాసుకున్నారు.

బయట మంచు పడుతోంది. జానకీదేవి కారులో ముఖం తిప్పుకుని కూర్చుంది. యోగానంద్ అద్దం మీది మంచు గీకుతుంటే, అతని దగ్గర మోకాళ్ళకు మందు తీసుకునే ముసలి మిసెస్ హాన్సెన్ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. మెచ్చుకుంటుందేమోనని అతను నవ్వు ముఖం పెట్టాడు.

ఆవిడ నవ్వలేదు.

"మీరిద్దరే అలా నిలబడితే చూడలేక, మేం ఏడుగురం మీ మూలకే బయల్దేరాం డాక్టర్. సగం దారిలో మీరే ఎదురొచ్చారు."