కుడి వైపు ఈగలు

ఒక తుమ్మచెట్టు మీద ముసలి ఊసరవెల్లి కాపురముండేది. ఒక కన్ను అటూ ఒక కన్ను ఇటూ తిప్పి చూడగల తనకు చూపు తగ్గడమేమిటని దాని ధీమా. కొన్నాళ్లుగా కుడి వైపు ఈగలు దొరకక కడుపు సగమే నిండుతోంది. ఆ వైపు ఈగలు పుట్టడం మానేశాయని సరిపెట్టుకుంది.

"తాతా, ఈగలన్నీ నీ కుడి పక్కనే చేరి కబుర్లు చెప్పుకుంటున్నాయి. కొంగ వైద్యుడికి కళ్లు చూపించుకోరాదూ?" అంది పక్క కొమ్మ మీది ఉడత.

"నా కళ్లకేం? నీ వీపు మీది చారలు లెక్కపెట్టి చెప్పనా?"

"ఒంటి కన్నుతో రెండు కళ్ల పనీ లాగిస్తున్నావు. ఏదీ, ఎడమ కన్ను మూసి చూడు."

మిట్టమధ్యాహ్నం. ఎండ చుర్రుమంటోంది. ఊసరవెల్లి ఎడమ కన్ను మూసింది.

"పొద్దుపోయింది. చీకట్లో పాములు తిరుగుతాయి, ఇంటికి వెళ్లు" అంది పెద్దరికంగా.

ఉడత కదల్లేదు. ఊసరవెల్లి కన్ను తెరిచింది.

"కబుర్లతో తెల్లవార్లూ కూర్చోబెట్టావు" అని కసిరింది.

తర్వాత ఎడమ కన్ను మళ్లీ మూసింది, మళ్లీ తెరిచింది.

"ఆ కొంగ ఉండేది ఎటు?" అంది చివరికి.

"కుడి వైపే తాతా. పద, ఆ పక్కన నేను నడుస్తాను."