మాయమవుతున్న మెసేజ్‌లు

ఆదివారం ఉదయం పదింటికి, పాత రేడియోలు బాగుచేసేవాళ్ల చాట్ గ్రూపులో ఎవరు ఏ మెసేజ్ తొలగించినా నమోదయ్యే లాగ్‌ను మేనకోడలు ఏర్పాటు చేసింది. గ్రూపు అడ్మిన్ ఆమె మామయ్యే.

"గ్రూపులో అందరిదీ ఇదే ఫిర్యాదు. ఫోన్ మోగుతుందట, తెరిస్తే మెసేజ్ ఉండదట. ఇక దొంగ దొరికిపోతాడు, మామయ్యా."

"నా గ్రూపులో దొంగలెవరే? పిచ్చి మొహమా!"

ఆమె టీ పెట్టుకుని వచ్చేసరికి లాగ్‌లో మొదటి నమోదు కనిపించింది.

"ఎవరైనా ఉన్నారా? రాసినవారు: అడ్మిన్. తొలగించినవారు: అడ్మిన్."

"అడ్మిన్ తీసేసినవి కూడా ఇందులో పడతాయా?" అన్నాడాయన.

"నీ మెసేజ్ నువ్వే ఎందుకు తీసేశావు?"

"ఎవరూ పలకలేదుగా. అలా అందరి ముందూ పడి ఉంటే ఏం బాగుంటుంది?"

"మళ్లీ పెట్టు."

పెట్టాడు. ఆమె ఎదుటి కుర్చీలో కూర్చుని, "చెప్పు మామయ్యా" అని గ్రూపులో రాసింది.

సాయంత్రం దాకా ఆ జవాబు ఒక్కటే ఉంది. లాగ్‌లో రెండో నమోదు పడలేదు.