ఆరో నవల

శవపేటికలో తల కింద శాలువా తన చేత్తో సర్ది, మిస్ ట్రెంట్‌ను సమాధి చేసి వచ్చిన సాయంత్రమే భారతి టీచర్‌కు నవల కనిపించలేదు. పెట్టె వెతికింది, బీరువా వెతికింది. టైపు మిషను ఉంది. దాని మీద కొట్టిన కాగితాల కట్ట లేదు.

హన్మకొండ బడిలో ఇంగ్లిషు చెప్పిన ఈ ముసలి దొరసాని వయసులో ఉండగా లండన్‌లో ఐదు నవలలు అచ్చువేయించిందంటే ఇక్కడ నమ్మేవాళ్లు లేరు. అక్కడ గుర్తున్నవాళ్లు లేరు. ఆరోది మంచంలో పడ్డాకే ముగించింది. తాను పోయాక దాన్ని లండన్‌కు పంపమని భారతి చేత మాట తీసుకుంది. ఇంకో ప్రతి లేదు.

అందరూ సమాధికి వెళ్లినప్పుడు ఇంట్లో ఉన్నది వంటమనిషి మొగిలమ్మ ఒక్కతే. చదువు రాదు. పొయ్యి రాజేయడానికి కాగితం ముక్క దొరికినా వదలదు. పైగా వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికే గది కడిగేసింది. కడగడం ఆచారమే. అయినా ఇంత తొందరా?

 భారతి పొయ్యిలో బూడిద కదిపి చూసింది. మర్నాడు చౌరస్తాలో, పాత కాగితాల్లో పొట్లాలు కట్టే వీరభద్రం బండి దగ్గర మిర్చిబజ్జీలు కొని, తినకుండా పొట్లం విప్పింది. ఇంగ్లిషు టైపు అక్షరాలు కనిపించి గబగబా చదివింది. ఎవరిదో కోర్టు కాగితం.

"చదువుడు అయినంక జర బజ్జీలు గూడ తినున్రి టీచరమ్మా, సల్లారుతానయ్" అన్నాడు వీరభద్రం.

దొరసాని ఇంటికొచ్చి నేరుగా వంటగదిలోకి వెళ్లింది.

"దొరసాని కాగితాల కట్ట ఏం చేసినవ్ మొగిలమ్మా? పొయ్యిల పెట్టినవా, అమ్ముకున్నవా?"

మొగిలమ్మ చేతిలో గిన్నె కింద పెట్టింది. "ఆమె ఉప్పు తిన్న. ఆమె కట్ట అమ్ముకుంటనా?"

"మరి ఏది?"

"రోజూ దాన్ని శాలువల చుట్టి, పక్కల పెట్టుకొనే పండేది. నిన్న శవపెట్టెల తల వాలిపోతాందని మీరే అన్నరు. నేను తల లేపి పట్టుకున్న. ఆ శాలువ మూట మీరే తీసి తల కింద పెట్టిన్రు. మీకెరుకే అనుకున్న."

భారతి తన అరచేతులు చూసుకుంది. శాలువా మడతల్లో ఏదో గట్టిగా తగలడం ఇప్పుడు గుర్తొచ్చింది.

ఆ నవలను ఇంతవరకూ ఎవరూ చదవలేదు.