పెద్దాపురం జీపు

...జీపు కోసమే వచ్చింది, అంతకుమించి ఏమీ లేదు, ఊరికే ఆశపడకూడదు అనుకుంటూనే సుధాకర్ యాక్సిల్ మీద పడాల్సిన టార్చి వెలుగును పక్కకు మళ్ళించాడు. జీపు కింద పడుకున్నవాడికి బయట నిలబడ్డ మనిషి కాళ్ళే కనిపిస్తాయి. వీరదుర్గ కాళ్ళకి మెట్టెలున్నాయి. తీసెయ్యలేదు. తీసేసేంత ఏం జరిగిందని? వానలకి ముందు మాటా మాటా అనుకున్నారు, ఆమె పెద్దాపురంలో పుట్టింటికి వెళ్ళిపోయింది. ఆమె వస్తే మాట్లాడదామని ఇతను కూర్చున్నాడు. ఆమె ఏమనుకుని కూర్చుందో తెలియదు. వానలు కూడా వెళ్ళిపోయాయి.

"ఏంటండీ ప్రాబ్లం?" అన్నాడు కింద నుంచే.

"పెళ్ళానికి ఎప్పటినుంచండీ ఈ అండీలు?"

"షెడ్డుకొచ్చిన వాళ్ళందరికీ అంతే కదండీ."

"అలాగా. అయితే వినండి మెకానిక్కు గారూ. స్టీరింగు తిప్పితే తిప్పినట్టే ఉండిపోతోందండి. వదిలేస్తే తిన్నగా రాదు. మొన్న లాకుల దగ్గర కాలవలో పడబోయాను. చాలా, ఇంకా చెప్పాలా?"

అతను టార్చి ఆర్పేశాడు. కాసేపు చీకట్లో ఉండాలనిపించింది.

"బండిని ఇంత ఎత్తు ఎవరు లేపమన్నారు?"

"మా అన్నయ్య. రొయ్యల చెరువు గట్ల మీద కిందంతా బురదకి తగిలేస్తోందని బండి బరువు మోసే కమాను కట్టల్ని యాక్సిల్ మీదకి ఎక్కించాడు."

"ఎక్కించి కాస్టర్ సంగతి, అదే ముందు చక్రాల వాలు, మర్చిపోయారు మీ అన్నయ్య బుల్లబ్బాయి గారు. యాక్సిల్ ముందుకి వాలిపోయింది. సైకిలు ఫోర్కు వెనక్కి వాలి ఉంటుంది చూడు, అందుకే చేతులు వదిలేసినా..."

"హ్యాండిలు దానంతటదే తిన్నగా అవుతుంది. ఇదే సైకిలు, ఇదే ఫోర్కు. వచ్చిన ప్రతివాడికీ మీరు చెబుతుంటే పక్కన పానాలందించింది నేనే. కట్టకీ యాక్సిల్‌కీ మధ్య ఏటవాలు ఇనప ముక్క పెట్టాలి, మందంగా ఉన్న వైపు వెనక్కి. పెట్టండి."

అతనికి నవ్వొచ్చింది. కింద ఉండబట్టి దాచుకునే పని లేకపోయింది.

ముక్కలు చేతిలోకి తీసుకున్నాక ఒక పాడు ఆలోచన వచ్చింది. సరిగ్గా పెడితే ఈ జీపు ఇక ఈ షెడ్డు మొహం చూడదు. కాస్త తేడాగా పెడితే వారం తిరక్కుండా వస్తుంది, ఆ కాళ్ళు మళ్ళీ ఇక్కడే నిలబడతాయి. కావలసిన మనిషిని ప్రమాదంలోకి నెట్టైనా సరే దగ్గరకి రప్పించుకోవాలని చూసేవాడు ఒకడు తనలో ఉన్నాడని అతనికి అప్పుడే తెలిసింది. వాడంటే భయం వేసింది. ఆ లాకుల దగ్గర కాలవ మా లోతు. రెండు ముక్కలూ సరిగ్గా కూర్చోబెట్టి, యూ బోల్టుల్ని ఒంట్లో బలమంతా పెట్టి బిగించాడు. బిగించిన కొద్దీ ఆమెను తన చేత్తోనే పంపించేస్తున్నట్టు అనిపించింది.

పని అయ్యాక బండిని రోడ్డు మీద నడిపి చూడటం షెడ్డు అలవాటు. ఆమె నడిపింది, అతను పక్కన కూర్చున్నాడు. మలుపు తిరుగుతూ వీరదుర్గ రెండు చేతులూ వదిలేసింది. స్టీరింగు మెల్లగా వెనక్కి తిరిగి తిన్నగా నిలిచింది.

"బాగుంది" అంది రోడ్డు వైపే చూస్తూ.

"నిజంగా బాగుందా?"

"బాగుందన్నాను కదండీ. ఇంకేమైనా చూడాలా?"

చూడాల్సింది చాలా ఉందని చెప్పాలి. నోటి దాకా వచ్చింది.

"టైర్లలో గాలి చూసుకో" అన్నాడు.

ఆమె అతన్ని షెడ్డు పక్కనున్న సామర్లకోట రైలు గేటు దగ్గర దింపేసి పెద్దాపురం వైపు వెళ్ళిపోయింది. జీపు గీత గీసినట్టు పోతోంది. అది కనిపించినంత సేపూ నిలబడి, తన పనితనాన్ని తనే తిట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే షట్టరు ఎత్తుతుంటే జీపు వచ్చింది. నెమ్మదిగా, రోడ్డుకి అటూ ఇటూ తూలుతూ.

"మళ్ళీ మొదలైందండి" అంది వీరదుర్గ, దిగుతూనే మొహం పక్కకి తిప్పుకుని.

"రాత్రికి రాత్రి ఎలా మొదలవుతుంది?"

"నన్నడిగితే? చేసింది మీరు."

అతను కిందకి దూరాడు. బోల్టులన్నీ బిగించే ఉన్నాయి. కట్ట మాత్రం యాక్సిల్ మీద నేరుగా కూర్చుంది. రెండో వైపూ చూశాడు. అక్కడా అంతే.

"ముక్కలేవీ?"

"పడిపోయాయేమో."

"బోల్టులు బిగించి ఉంటే ఎలా పడతాయి? మీ అన్నయ్య విప్పాడా?"

"అన్నయ్య ఊళ్ళో లేడు. నిన్న మధ్యాహ్నమే కాకినాడ వెళ్ళాడు."

"అయితే పని రానివాడెవడో చెయ్యి పెట్టాడు."

"పని రానివాళ్ళెవరూ ముట్టుకోలేదు!" అందామె చురుక్కున.

సుధాకర్ బోల్టుల బిగింపు ఇంకోసారి చూశాడు. తర్వాత బయటికొచ్చి లేచి నిలబడ్డాడు. ఆమె భుజాన బట్టల సంచీ ఉంది. దాని బరువుకి భుజం ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. నోరు తెరిస్తే మాటలు మళ్ళీ టైర్ల గాలి దగ్గరికే పోతాయని అతనికి తెలుసు.

చేతులు ప్యాంటుకి తుడుచుకుని, ఆమె భుజం మీంచి సంచీ అందుకుని షెడ్డు వెనకున్న ఇంట్లోకి నడిచాడు. గుమ్మం దాటుతుంటే, చీరల అడుగున రెండు ఇనప ముక్కలు ఒకదానికొకటి తగిలి ఖణేలుమన్నాయి.