మస్కట్‌లో వాన

ఫోన్ మోగగానే ఇశ్రాయేలు ముందు కిటికీ మూశాడు. తర్వాత ఫ్యాను ఆపాడు. ఫ్యాను ఏ దేశంలోనైనా కిర్రుమంటుంది గానీ, భయపడే మనిషికి అంత ఆలోచన ఎక్కడిది? గొంతు సవరించుకుని ఇమో యాప్‌లో వచ్చిన కాల్ ఎత్తాడు.

“డ్యూటీ అయిందా?” అడిగింది నీలమ్మ.

“ఇప్పుడే రూముకొచ్చిన.”

అంతవరకు నిజమే. రూము మాత్రం మస్కట్‌లో లేదు. ఫలక్‌నుమాలో, అతను పనికి కుదిరిన బీరువాల కార్ఖానా మీద, రేకుల కింద ఉంది. ఛత్రినాకలో ఉన్న ఇంటికి, అంటే పెళ్లాం నీలమ్మకీ కూతురు బేబీకీ, ఆటోలో పది నిమిషాల దూరం.

రెండు నెలల క్రితం వాడకట్టంతా వచ్చి అతన్ని మస్కట్‌కు సాగనంపింది. పాస్టరుగారు తలమీద చెయ్యిపెట్టి ప్రార్థన చేశారు. తీరా ముంబయిలో మెడికల్ పరీక్ష చేసినవాళ్లు ఊపిరితిత్తుల్లో ఎప్పటిదో పాత మచ్చ చూసి, పనికిరావు పొమ్మన్నారు. రైలు దిగి ఇంటికే పోదామనుకున్నాడు. మొహం చెల్లలేదు. అంతలో నీలమ్మ ఫోన్ చేసి “చేరినవా?” అంటే, “చేరిన” అనేశాడు. ఆ ఒక్క మాటతో ఇరుక్కుపోయాడు.

నీలమ్మ సంగతి అతనికి తెలుసు. “తిట్టు, పడత. అబద్ధమాడితే మాత్రం నీతోని ఒక్క పూట ఉండ” అని పెళ్లయిన వారానికే చెప్పింది. ఊరికే అనే మనిషి కాదు. ఒక్క అబద్ధానికి సొంత అన్నతో ఎనిమిదేళ్లుగా మాట్లాడటం లేదు.

అందుకే రోజూ సాయంత్రం అతనికి ఈ పరీక్ష. మస్కట్ ఎండ ఎంతో ఫోన్‌లో చూసుకుంటాడు. మిగతా సంగతులన్నీ అక్కడ ఆరేళ్లు చేసి వచ్చిన తోటి పనివాడు జగదీశ్వర్ దగ్గర వల్లెవేస్తాడు.

“ఎండలెట్లున్నయి ఆడ?”

“నలభై మూడు. గాలి గూడ కాలుతది. మన దిక్కే నయం.”

“రోడ్లు?”

“అద్దం లెక్క ఉంటయి. హారన్ కొట్టేటోడు లేడు. చార్మినార్ కాడ ఆటోలు మీదికొస్తయి చూడు, గా లొల్లి లేదు. గా లొల్లి లేక చెవులు గుయ్యిమంటున్నయి.”

“తిండి?”

తిండి దగ్గర అతనికి కల్పించే పని లేదు. కార్ఖానా వాళ్లకి సందు చివరి మున్నీ మెస్ నుంచి డబ్బాలొస్తాయి. ఆ డబ్బానే మస్కట్ డబ్బాగా చెబుతాడు. మొదట్లో పప్పు నీళ్ల లెక్క ఉందన్నాడు, కారమే లేదన్నాడు. నెల దాటాక మున్నీ చెయ్యి తిరిగింది, ఇంటి రుచి తగలడం మొదలైంది.

“ఇప్పుడు నయమే. నిన్న పచ్చిపులుసు మంచిగుండె.”

“ఉప్పు సరిపోయిందా?”

“సరిపోయింది.”

ఉన్నట్టుండి రేకుల మీద వాన విరుచుకుపడింది. మే నెల గాలివాన. కంకర కుమ్మరించినట్టు చప్పుడు.

“దండెం మీద బట్టలు తీసినవా?” అనేశాడు ఇశ్రాయేలు. పదిహేనేళ్ల కాపురం నేర్పిన మాట అది.



“వాన పడుతున్నదని నేను చెప్పలే గద” అంది నీలమ్మ మెల్లగా.

“నీ ఫోన్ల ఇనొస్తున్నది.”

“నాకు నీ ఫోన్ల ఇనొస్తున్నది.”

“గది ఏసీ. పాతది. మస్తు సప్పుడు చేస్తది.”

“గంత పెద్ద ఏసీనా?”

ఆమె నవ్విందో, నిట్టూర్చిందో అతనికి తెలియలేదు.

“రేపు ఐతారం. మందిరం అయినంక ఒంటి గంటకు వీడియోల కనబడు. బేబీ సముద్రం చూస్తదట.”

“ఈడ వీడియో పనిచెయ్యదని చెప్పిన గద.”

“రేపు పనిచేస్తది తియ్యి.”

ఆమే మళ్లీ అడిగింది.

“గన్ని ఉన్నయి గద ఆడ. ఏది లేదనిపిస్తది నీకు?”

అబద్ధం వెతుక్కోవడానికి అతనికి ఓపిక లేకపోయింది.

“నువ్వు వడ్డించేముందు అన్నం మీద గంటె కొసతోని సిలువ గీస్తవు చూడు. గది లేదు. కడుపు నిండుతది గని, తిన్నట్టుండది.”

నీలమ్మ ఫోన్ పెట్టేసింది. రోజూ “పైలం” అని జాగ్రత్త చెప్పిగానీ పెట్టదు.

మర్నాడు కార్ఖానాకి సెలవు. పన్నెండున్నర నుంచే ఇశ్రాయేలు ఫోన్ అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాడు. ఆపేస్తే దొరికిపోతాడు. ఎత్తితే అంతకంటే ముందే దొరికిపోతాడు. ఈ రేకుల గదిలో ఏ గోడ చూపించి సముద్రమనాలి?

ఒంటిగంట అయింది. ఫోన్ మోగలేదు. ఇంకో పది నిమిషాలు గడిచాయి.

తలుపు చప్పుడైంది.

వెళ్లి తీశాడు. ఎదురుగా మున్నీ. అతనికి ప్రాణం లేచొచ్చింది.

“డబ్బా, భాయ్.”

“ఐతారం మెస్ బంద్ గద ఆపా?”

“బందే. లేకిన్ నీకొక్కనికి వచ్చింది.”

రోజూ డబ్బా గుమ్మంలో పెట్టి మళ్లీ వెనక్కి చూడకుండా పోయే మున్నీ, ఇవాళ కదలకుండా అక్కడే నిలబడింది.

“మూత తియ్యి” అంది.

తీశాడు.

వేడన్నం మీద, గరిటె కొసతో గీసిన సిలువ ఉంది.