బుధవారం నడుం నొప్పి

మొహం పట్టేంత కన్నం. అందులోంచి కనబడేది ఒక టైలు, దాని మీద వెంట్రుకంత పగులు, అటూ ఇటూ తిరిగే ఉక్కక్క చెప్పులు. అంతే ప్రపంచం.

లైబ్రేరియన్‌కి మూసేసిన చోట్లంటే చచ్చేంత భయం. లిఫ్టు ఎక్కదు. బాత్రూంలో గడియ పెట్టుకోదు. లోపల ఉన్నానని తెలియడానికి పాడుతుంది. అలాంటి మనిషి పన్నెండు బుధవారాలుగా ఈ మసాజ్ బల్ల మీద బోర్లా పడుకుని, కన్నంలో మొహం ఇరికించుకుంటోంది.

"ఊపిరి వదలమ్మా. కట్టెలా బిగుసుకుపోయావు," అంది ఉక్కక్క.

"వదిలితే మళ్ళీ పీల్చుకోవడానికి గాలి ఏదక్కా ఇక్కడ?"

ఉక్కక్క నవ్వింది. ఇరవై రెండేళ్లుగా ఒళ్లు పడుతున్న మనిషి. ఆవిడ బొటనవేలు నొక్కితే ఎముక లోపలిదాకా కబురు వెళ్తుందని పాత కస్టమర్లు పెట్టిన పేరది. ఈ మధ్య మాత్రం మోచేత్తోనే ఎక్కువ కానిస్తోంది. కొత్త పద్ధతట.

ట్రేలోంచి సీబీడీ బామ్ డబ్బా తీసింది. ఆ బామ్ గంజాయి జాతి మొక్కలోంచి చేస్తారని ఇంట్లో చెప్పిన రోజు అత్తగారు కళ్లజోడు తీసి మళ్ళీ పెట్టుకుంది.

"మత్తెక్కుతుందా?"

"ఎక్కదత్తయ్యా. పైపూత మందు."

"మరింకెందుకే?" అంది అత్తగారు, కాస్త నిరాశగా.

డబ్బా ఉండేది ఓనరమ్మ బీరువాలో, తాళం వేసి. నొప్పి ఉందని కస్టమర్ ఫారం నింపితే ఆ గంటకి బయటికొస్తుంది. గంట కాగానే పెద్దింటి కోడలిలా లోపలికెళ్లిపోతుంది.

"మూత బిగిసిందమ్మా. కాస్త తీస్తావా?"

లైబ్రేరియన్ తలెత్తకుండానే చేతులు చాపి, తీసిచ్చింది. ప్రతి వారమూ ఆ మూత బిగుస్తూనే ఉంటుంది. ఒకసారైతే జారి సరిగ్గా కన్నం కింద పడింది. దాన్ని అందుకోవడానికి ఉక్కక్క చెయ్యి మూడుసార్లు వచ్చి ఊరికే వెళ్లింది.

ఉక్కక్క బామ్ అరచేతుల్లోకి తీసుకుని రుద్దుకోవడం మొదలుపెట్టింది. నింపాదిగా, వేలు వేలుకీ. చల్లటి చేతులు వేస్తే మనుషులు ఉలిక్కిపడతారట. లైబ్రేరియన్ తొందర పెట్టలేదు. టైలు మీద పగులు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో మరోసారి చూసుకుంది.

తర్వాత మోచెయ్యి దిగింది.

"అబ్బా! అక్కడే అక్కా, అక్కడే!"

"పోయిన వారం ఎడమవైపన్నావు?"

"తిరుగుతోందక్కా."

మొదట్లో నోరు మెదిపేది కాదు. మూలుగు తర్వాత్తర్వాత నేర్చింది. ఆ మూలుగే ఇంట్లో భర్తకి కొరుకుడు పడటం లేదు.

"ఐదంతస్తులు మెట్లెక్కొచ్చావు, చేతికో సంచీ పట్టుకుని," అన్నాడు నిన్న. "నడుం నొప్పి ఎటుపోయింది?"

"పడుకుంటే వస్తుందండీ."

"మహా మర్యాద తెలిసిన నొప్పి! లాభం లేదు, ఎమ్మారై స్కాన్ తీయిద్దాం. సొరంగంలో అరగంట పడుకున్నావంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ తెలుస్తాయి."

సొరంగం మాట వినగానే ఆవిడ లేచి కిటికీ తెరిచింది.

తలుపు చప్పుడైంది. టైలు మీదికి ఎత్తుమడమల చెప్పులు వచ్చి ఆగాయి. ఓనరమ్మ.

"పన్నెండు వారాలైందండీ. ఇంత బామ్ రాస్తే గోడ కూడా మెత్తబడేది. మీ ఒక్కరి కోసమే డబ్బా తీస్తున్నాను, మిగతావాళ్లంతా మామూలు నూనెతో సరిపెట్టుకుంటున్నారు. ఇవాళ తేల్చేద్దాం."

లైబ్రేరియన్ మోచేతుల మీద లేచింది. ఎదురుగా ఒక ఫారం, పెన్ను. ఫారంలో రెండే గడులు. 'తగ్గింది, బామ్ ఆపవచ్చు.' 'తగ్గలేదు, వారంలోగా స్కాన్ తీయించుకుంటాను.'

"మూడో గడి లేదాండీ?"

"మూడోది ఏముంటుంది?"

నిజమే. ఏముంటుంది?

"కిటికీ ఉన్న స్కాన్ ఏదైనా..."

"కిటికీలు పెట్టడానికి అదేమన్నా ఇల్లా?" ఓనరమ్మ ఉక్కక్క వైపు తిరిగింది. "నీ వేళ్లకి కూడా లొంగని నడుమా ఇది? పస తగ్గిందంటారు కస్టమర్లు. పస లేని చేతులు నేనేం చేసుకోను?"

"నా వేళ్లకేమండీ, ఇనుమే," అంది ఉక్కక్క, చేతులు తువ్వాలులో చుట్టుకుంటూ.

లైబ్రేరియన్ పెన్ను తీసుకుంది. తగ్గిందంటే డబ్బా ఇప్పుడే బీరువాలోకి పోతుంది. తగ్గలేదంటే సొరంగం. అరగంట. కదలకూడదు. పాడకూడదు కూడానేమో.

పెన్ను మొదటి గడి మీద కాసేపు తచ్చాడింది. ఉక్కక్క గోడ వైపు చూస్తోంది.

లైబ్రేరియన్ రెండో గడిలో టిక్కు పెట్టింది. కింద సంతకం చేసింది.

"చూద్దాం, ఆ స్కాన్ ఏం చెబుతుందో," అని ఓనరమ్మ ఫారం పట్టుకుని వెళ్లిపోయింది.

మళ్ళీ కన్నం. మళ్ళీ ఆ టైలు, ఆ పగులు. పైన వేలు వేలుకీ బామ్ రుద్దుకుంటున్న మెత్తటి చప్పుడు. చాలాసేపు.

"ఇవాళ నొప్పి ఎక్కడమ్మా?" అడిగింది ఉక్కక్క.

"నీ ఇష్టం అక్కా."

లైబ్రేరియన్ నడుం నొప్పి మూడో బుధవారానికే పోయింది గానీ, ఉక్కక్క బొటనవేళ్లకి ఆ బామ్ అందాలంటే ఎవరో ఒకరి నడుం నొప్పెడుతూ ఉండాలి.