ట్యూనర్ నిద్ర

“ఒరేయ్ అష్ఫాక్! డబ్బాని నిద్రపుచ్చడానికి ఇంజినీరింగ్ చదివావట్రా? ముందే చెబితే నా కొట్లోంచి ఒక పరుపు తెచ్చిచ్చేవాణ్ణి కదా!”

గుమ్మంలోంచే మొదలెట్టాడు హుమాయూన్. వించిపేటలో పరుపుల కొట్టు ఆయనది. ఏడో తరగతిలోనే బడికి సలాం కొట్టాడు. జనాన్ని ఆటపట్టించడంలో మాత్రం ఊళ్లో ఆయనకి పోటీ లేదు. టీ కొట్టు పుల్లయ్య పంచదార డబ్బాలో ఉప్పు కలిపి, ఆ టీ తనే ముందు తాగి, “అబ్బ, ఈరోజు అమృతం” అని పదిమంది చేత తాగించిన ఘనుడు.

ఆయన ఇంట్లోనే ఉంటున్న మేనల్లుడు అష్ఫాక్ కంప్యూటర్ మీంచి తల తిప్పలేదు.

“మామూ, ప్లీజ్. సాయంత్రంలోగా జవాబు పంపాలి.”

సంగతేమిటంటే, కంప్యూటర్లో టీవీ చూపించడానికి ట్యూనర్ కార్డని ఒకటుంటుంది. లైనక్స్ అనే సిస్టమ్‌లో దాన్ని నడిపే ప్రోగ్రాముకి, అంటే డ్రైవర్‌కి, ఏ దేశంలోనో ఉన్న ఒకాయన చిన్న మార్పు రాసి పంపాడు. ఎవరూ టీవీ చూడనప్పుడు ట్యూనర్‌కి కరెంటు తగ్గించి నిద్రపుచ్చాలి. ఛానెల్ పెట్టగానే లేపాలి. అంతే. అది బాగుందో లేదో పరీక్షించి చెప్పమని ఆ డ్రైవర్లన్నిటికీ పెద్దదిక్కయిన మనిషి అష్ఫాక్‌ని అడిగాడు. అలా అడగడం అదే మొదటిసారి. అష్ఫాక్ సరే అన్నాడంటే ఆ మార్పు అతని పేరుతో సహా దేశదేశాల కంప్యూటర్లలోకి వెళ్లిపోతుంది. మంచిదాన్ని చెడ్డదన్నా, చెడ్డదాన్ని మంచిదన్నా ఆ పేరే గంగలో కలుస్తుంది.

“ఇబ్రహీంపట్నంలో అంతేసి థర్మల్ స్టేషన్ పెట్టుకుని, చీమ తాగేంత కరెంటు మిగులుస్తావా నువ్వు?” కుర్చీ లాక్కుని కూర్చున్నాడు హుమాయూన్. “అదిగో, ఆ గోడ గడియారం చూడు. రంజాన్ నాడు ఆగిపోయింది. నిన్న కొట్టుకి పోతూ పోతూ ఒక్కటి తట్టాను. వచ్చేసరికి గుర్రంలా పరిగెడుతోంది. చదువులు కాదురా, చెయ్యి పడాలి!”

“ఆ చెయ్యి ఇటు మాత్రం పెట్టకండి మామూ.”

చెయ్యి అప్పటికే లాల్చీ జేబులో ఉంది. ఆ జేబులో, ట్యూనర్‌తో పాటు వచ్చిన చిన్న రిమోట్ ఉంది. అదెక్కడో పోయిందనుకుని అష్ఫాక్ కీబోర్డుతోనే కానిచ్చేస్తున్నాడు. పొద్దున సూది కోసం పెళ్లాం వజీరా కుట్టుమిషను సొరుగు లాగితే హుమాయూన్ కంటపడింది. ఇక ఆగుతాడా?

అష్ఫాక్ ట్యూనర్‌ని నిద్రపుచ్చి, లేపాడు. తెర మీద వార్తలు వచ్చాయి.

హుమాయూన్ రిమోట్ మూతి కాస్త బయటపెట్టి ఆపే మీట నొక్కాడు. ఏమీ కాలేదు. ఇంకోసారి నొక్కాడు. ఊహూఁ. పాత సరుకు, గట్టిగా నొక్కాలి కాబోలనుకుని పళ్లు బిగించి నొక్కుతూనే ఉన్నాడు. టప్పున తెర నల్లబడింది.

“అరె!” అన్నాడు అష్ఫాక్.

“మా గుమస్తా బసవయ్య కూడా ఇంతేరా. లేపితే లేస్తాడు, కాసేపు కూర్చుని మళ్లీ పడుకుంటాడు.”

అష్ఫాక్ మళ్లీ పెట్టాడు. మామూ మళ్లీ నొక్కాడు. కాసేపటికి మళ్లీ నలుపు. కుర్రాడు ఆ మార్పుని పైనుంచి కిందికీ, కిందినుంచి పైకీ చదివాడు. తప్పు దొరకదు. బొమ్మ మాత్రం ఆగదు. వజీరా పెట్టిన పలావు పక్కన చల్లారిపోయింది. మామూ పలావు మాత్రం ఎప్పుడో కడుపులోకి చేరింది.

చివరికి అష్ఫాక్ నిట్టూర్చి, “ఈ మార్పు పనికిరాదు. లేచిన ట్యూనర్ మళ్లీ నిద్రపోతోంది. తప్పెక్కడో నాకు తెలియలేదు” అని జవాబు టైపు చేశాడు. పైకి చదివి మామూకి అర్థం కూడా చెప్పాడు.

ఇక నవ్వు ఆపుకోవడం హుమాయూన్ తరం కాలేదు. కుర్చీలో గిలగిల్లాడిపోయాడు.

“పాపం ఆ పరదేశిని తిట్టకురా! బొమ్మని పడుకోబెట్టింది ఈ బొటనవేలు!” అంటూ రిమోట్ తీసి బల్లమీద పెట్టాడు.

అష్ఫాక్ నోరు తెరిచాడు. ముందు మొహం ఎర్రబడింది. ఆపైన అదే మొహం తేటపడింది.

“ఛీ ఛీ, మామూ! ప్రపంచం ముందు నన్ను గాడిదని చేసేవాళ్లు! అదీ సంగతి. అందుకే తప్పు దొరకలేదు.”

రాసినదంతా తుడిచేశాడు. “పరీక్షించాను. చాలా బాగుంది. తీసుకోవచ్చు” అని రాసి, కింద తన పేరు పెట్టాడు. పంపే బటన్ మీద వేలు ఆనించాడు.

“చూశావా, నీ పేరు నిలబెట్టాను,” అన్నాడు హుమాయూన్ మీసం దువ్వుతూ.

అప్పుడే టీ గ్లాసులతో వచ్చిన వజీరా బల్ల మీదకి చూసి నవ్వింది.

“అయ్యో, ఆ రిమోట్‌తో మీకేం పనండీ, దాంట్లో సెల్ నిన్న పొద్దున్నే తీసి గడియారానికి వేశానుగా!”